హాలుకు డస్టీ పింక్ వేద్దామనుకుంటున్నం, వేసినోళ్లు జర చెప్పండి

నల్లగొండ ఇల్లాలు:
మాది నల్లగొండ టౌను, పాత ఇల్లు. హాలు 12 బై 16, ఉత్తరం దిక్కు ముఖం. ఇన్నేండ్లు క్రీమ్ రంగు డిస్టెంపరే, అంటే సుద్ద కలిసిన రంగే. చెయ్యి ఆనిచ్చినా, పిల్లలు ఆనుకుని కూసున్నా బట్టలకు సుద్ద అంటుకుంటది. దసరాకు ముందు ఎమల్షన్ (నీళ్లల్ల కలిపే ప్లాస్టిక్ రంగు) వేయిద్దామని చూస్తున్నం. మా బిడ్డ డస్టీ పింక్ కావాలని పట్టుబట్టింది. బేబీ పింక్ కాదు, కొంచెం బూడిద, కొంచెం మట్టి కలిసిన గులాబీ. మా అత్తమ్మకేమో పింక్ అన్న మాటే పడ్తలేదు. కింద షాబాద్ బండలు, తలుపులు టేకు, పైన రెండు ట్యూబులైట్లు. ఈ రంగు ఇంట్ల వేసుకున్నోళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. యూట్యూబుల అన్నీ మంచిగనే కనపడ్తున్నయి.

పాలమూరు పిల్ల:
అక్కా, మా బెడ్‌రూంకు వేయించినం, మహబూబ్‌నగర్‌ల. పొద్దుగాల, మధ్యాహ్నం మస్తుంటది. పొద్దుమూకి లైటు వేస్తే మాత్రం అది వేరే గది. మాకున్నది తెల్ల ఎల్‌ఈడీ, 6500 కెల్విన్ (వెలుగు రంగు చెప్పే అంకె, ఎక్కువుంటే నీలం దిక్కు, తక్కువుంటే పసుపు దిక్కు). దాని కింద గులాబీ అంతా పోయి లావెండర్ లెక్క అయ్యింది. తమ్ముడు 3000 కెల్విన్‌ది, పసుపు వెలుగుది, తెచ్చి పెట్టిండు. ఈసారి పీచ్ అయ్యింది! చివరకు 4000 దగ్గర ఆగినం. బల్బు డబ్బా మీద ఆ అంకె రాసి ఉంటది, చూసి కొనుండ్రి. మీ హాలు ఉత్తరం ముఖం అంటున్నరు కాబట్టి పగలు కూడా వెలుగు చల్లగ, జర నీలంగనే ఉంటది. బూడిద ఎక్కువున్న షేడ్ తీసుకుంటే మబ్బు పట్టినట్టు అయితది. మట్టి వైపు ఉన్నది చూడండి.

మిర్యాలగూడ మిల్లోడు:
షేడ్ కార్డు మీద గోరంత ముక్క చూసి ఒప్పుకోవద్దు. నాలుగు గోడలకు వేసినంక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి, కార్డు మీదకంటే ఒక మెట్టు ముదురుగ కనపడ్తది. మేం కార్డు మీద నచ్చినదానికంటే ఒక షేడ్ లేతది తీసుకున్నం. వేసినంక చూస్తే మేం అనుకున్న రంగే వచ్చింది.

చిన్న డబ్బా తెచ్చి పెద్ద అట్ట మీద రెండు కోట్లు వేసి పెట్టుండ్రి. గోడ మీదనే వేసి చూస్తే చుట్టూ ఉన్న క్రీమ్ రంగు కన్ను తప్పుదోవ పట్టిస్తది. అట్ట అయితే కిటికీ పక్కకు, సోఫా వెనకకు, చీకటి మూలకు జరిపి చూడొచ్చు. దాన్ని బండల దాక దించి కూడా చూడాలె, ఎందుకంటే షాబాద్ బండ నీలం, బూడిద కలిసిన రంగు. కింద అంత బూడిద ఉన్నంక గోడల ఇంకింత బూడిద అక్కర్లేదని నా లెక్క.

సూర్యాపేట కిరాయిదారు:
నేను అడ్డం చెప్తా. మా ఇంటి ఓనరు పోయినేడు ఇదే రంగు కొట్టించిండు. కింద పసుపు పచ్చ క్రీమ్ టైల్సు. రెండూ కలిసి ఇల్లంతా జ్వరం వచ్చినోళ్ల మొఖం లెక్క ఉంటది. రంగుది తప్పు కాదు, టైల్సుకు పడలే. క్రీమ్ టైల్సు ఉన్నోళ్లు ఒక్క గోడకు వేసుకుని మిగిలినవి తెలుపు ఉంచుకుంటే మేలు.

పాలమూరు పిల్ల:
ఒక్క గోడ పద్ధతి నాకు నచ్చదు అన్నా. ఫోటోల కోసం వేసినట్టు ఉంటది. వేస్తే నాలుగూ వేయాలె, లేకుంటే మానాలె.

సూర్యాపేట కిరాయిదారు:
గది పెద్దగుంటే నీ మాట సరే. మాది 10 బై 10.

బ్రష్షు మేస్త్రి:
నకిరేకల్, నల్లగొండ దిక్కు నేను రంగుల పనే చేస్తా. అందరూ షేడ్ గురించి మాట్లాడుతున్నరు, గోడ గురించి ఎవరూ అడుగుతలేరు. అమ్మా, మీది డిస్టెంపర్ గోడ. సుద్ద రాలుతుందంటున్నరు. దాని మీదనే ఎమల్షన్ ఎక్కిస్తే ఆ సుద్దనే పట్టుకుంటది గానీ గోడను పట్టుకోదు. రెండో ఎండాకాలానికి పెచ్చులు లేస్తయి. పాతది మొత్తం గీకాలె, కడగాలె, ఆరనియ్యాలె. తర్వాత ప్రైమర్ (రంగు గోడను పట్టుకునేటట్టు వేసే తొలి పూత), అవసరమున్న చోట లప్పం (గుంటలు పూడ్చే పేస్టు), గరుకు కాగితంతో రుద్దుడు, మళ్ల ప్రైమర్, అప్పుడు రంగు రెండు కోట్లు. గుత్తకు ఇచ్చేటప్పుడు ఈ వరుస అంతా కాగితం మీద రాయించుకోండి. గుత్తల మొదట ఎగిరిపోయేది గీకుడు పనే.

ఇంకోటి చెమ్మ. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పులు ఎక్కువ. గోడకు నీళ్లు పీల్చే దారి ఉంటే ఆ ఉప్పు పైకొచ్చి తెల్లగ పూస్తది. క్రీమ్ మీద, తెలుపు మీద అది కొన్నేండ్లు దాగుతది. డస్టీ పింక్ మీద నెలలనే తెల్లమచ్చలు పడ్తయి. గోడకు ఒక ప్లాస్టిక్ కవర్ నాలుగు దిక్కుల టేపు వేసి గాలి పోకుండ అంటించుండ్రి. ఒక దినం ఉంచి తీస్తే లోపల చెమట పట్టిందంటే గోడ ఇంకా తడిగనే ఉన్నట్టు. అట్లాంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా దండుగే. బాత్రూం పక్క గోడ అయితే ముందు పైపు లీకేజీ చూపించుండ్రి. కొత్త ప్లాస్టరింగ్ ఉంటే కనీసం 28 రోజులు ఆగాలె. సిమెంటుల, సున్నంల ఉన్న క్షారం కొన్ని ఎర్ర రంగుల్ని తినేస్తది, గోడ మీద మరకలు మరకలుగ వెలుస్తయి.

రంగు కలిపే దగ్గర ఒక మాట. మిషన్‌ల కలిపిచ్చినంక వాపస్ తీసుకోరు. మొత్తం ఒక్కసారే కొనుండ్రి, ఒక పెద్ద బకెట్ల అన్ని డబ్బాలు కలిపి వాడాలె. రెండు డబ్బాల నడుమ వెంట్రుకవాసి తేడా ఉన్నా ఈ రంగు మీద దొరికిపోతది.

నల్లగొండ ఇల్లాలు:
మేస్త్రీ, మంచిగ చెప్పిన్రు. కవర్ అంటించి చూసినం, బాత్రూం దిక్కు గోడకే చెమట పట్టింది. మిగిలిన మూడు పొడిగనే ఉన్నయి. హాలుకు ఎన్ని లీటర్లు పడ్తది?

బ్రష్షు మేస్త్రి:
12 బై 16 అంటే చుట్టు కొలత 56 అడుగులు. ఎత్తు 10 వేసుకుంటే 560 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు ఒక వంద తీసేయండి, 460. రెండు కోట్లు కలిపి లీటరుకు వంద చదరపు అడుగుల లెక్క పెట్టుకుంటే 5 లీటర్లల అయిపోతది, అంటే 4 లీటర్ల డబ్బా ఒకటి, లీటరుది ఒకటి. డబ్బా మీద ఇంకా ఎక్కువ వస్తదని రాస్తరు, అది అద్దం లెక్క నున్నగున్న గోడకు. సీలింగ్ తెలుపే ఉంచుండ్రి.

తడిగున్నప్పుడు చూసి భయపడొద్దు, మురవొద్దు. సున్నం ఎండితే తెల్లబడ్తది, ఎమల్షన్ ఎండితే ఒక పిసరు ముదురుతది.

గద్వాల కోడలు:
మీ అత్తమ్మకు ఒక ముచ్చట చెప్పండి. మా అమ్మగారింట్ల పండుగలకు గోడలకు సున్నం, కింద అంచుకు జాజు (ఎర్రమట్టి) పూసేవాళ్లు. జాజు చిప్పల సున్నం పడితే వచ్చే రంగు చూసిన్రా? అది ఇప్పుడు మీ బిడ్డ అడుగుతున్నదే. మన గడపలకు ఇది కొత్త రంగేం కాదు.

నేను మా గదిల ఇదే రంగు గోడ మీద పుట్టపాక తేలియా రుమాలు (నూనెల నానబెట్టిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట) ఒకటి ఫ్రేము కట్టించి పెట్టిన. ఆ నలుపు, ముదురు ఎరుపు ఈ గోడ మీద ఎంత లేస్తయో చూడాలె. ఇత్తడి చెంబులు, టేకు చెక్క కూడా బాగ కలుస్తయి. మెరిసే వెండి రంగు కర్టెన్లు, ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దు.

దేవరకొండ పంతులు:
జాజు మాట వచ్చింది కాబట్టి. జైపూర్‌ను గులాబీ నగరం అంటరు కదా, 1876ల వేల్స్ యువరాజు వస్తున్నడని రాజా సవాయి రాంసింగ్ ఊరంతా ఆ రంగు వేయించిండు. దగ్గరికి పోయి చూస్తే అది గులాబీ కంటే ఎర్రమట్టికే దగ్గర. ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్, సున్నానికీ ఎండకూ తట్టుకుంటది. మీరు మిషన్ దగ్గర ఏ స్టెయినర్లు (తెల్ల రంగుల కలిపే చిక్కటి రంగులు) పడ్తున్నయో అడగండి. ఎర్ర ఆక్సైడ్, కొంచెం నలుపు పడి వచ్చిన డస్టీ పింక్ నిలుస్తది. ముదురు గులాబీ స్టెయినర్‌తో వచ్చినది పడమటి కిటికీ పక్కన తొందరగ వెలుస్తది. మన ఎండలు తెలిసినవే కదా.

వనపర్తి అమ్మ:
మా ఇంట్ల రెండేండ్ల పిల్లగాడు ఉన్నడు. కిటికీ ఊచలకున్న పాత ఎనామిల్ (నూనె రంగు) గీకి ఇదే రంగు వేద్దామనుకుంటున్న. ఏమన్న ఇబ్బందా?

దేవరకొండ పంతులు:
పాత ఎనామిల్‌ల సీసం ఉండొచ్చు తల్లీ. ఇండ్లకు వేసే రంగులల్ల సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లల్ల 90) దాటొద్దనే నియమం 2017 నవంబరు నుంచే అమలుల ఉంది. అంతకు ముందు వేసినదైతే పొడిగ గీకొద్దు. తడిపి రుద్దాలె, పిల్లగాణ్ణి ఆ దినం వేరే ఇంట్ల ఉంచాలె, రాలిన పొడి తడి గుడ్డతో ఎత్తాలె. చీపురు వాడొద్దు.

నల్లగొండ ఇల్లాలు:
అట్ట మీద రెండు షేడ్లు వేసి చూసినం. బూడిద ఎక్కువున్నది షాబాద్ బండల మీద చచ్చిపోయింది, మట్టి కలిసినది నిలబడ్డది. అత్తమ్మ జాజు మాట విని, "మరి మొదలే ఆ ముక్క చెప్పొచ్చు కదా" అన్నది. బాత్రూం గోడ పైపు పని ముందు. అది ఆరినంకనే రంగు. దసరాకు కాకుంటే దీపావళికి.

మిర్యాలగూడ మిల్లోడు:
షేడ్ నెంబరు, ఏ రకం డబ్బానో ఫోటో తీసి పెట్టుకోండి. అదే నెంబరు వేరే రకం డబ్బాల కలిపితే వేరే రంగు వస్తది.

కల్వకుర్తి కొత్తిల్లు:
వంటింటికి పనికొస్తదా ఈ రంగు? తాళింపులు ఎక్కువ మా ఇంట్ల.

బ్రష్షు మేస్త్రి:
పనికొస్తది, మ్యాట్ (మెరుపు లేనిది) మాత్రం వద్దు. తుడిస్తే మరక పోయే సాటిన్ తీసుకోండి. కాకుంటే సాటిన్ మెరుపుకు గోడ మీద గుంటలన్నీ కనపడ్తయి, లప్పం నున్నగ పట్టియ్యాలె. పొయ్యి వెనక మాత్రం టైల్సే, అక్కడ ఏ రంగూ ఆగదు.