రేఖాగణితమా, జ్యామితా, క్షేత్రగణితమా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల పుస్తకాల్లో ఒకచోట జ్యామితి అని, ఇంకోచోట రేఖాగణితం అని కనబడుతోందట. "రెండూ ఒకటేనా నాన్నా?" అంది. ఒకటేనమ్మా అని చెప్పేశాను గానీ, జ్యామితిలో ఈ "జ్యా" ఏమిటో నాకే తెలియదు. వృత్తంలో గీసే జ్యాకూ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవారు చెప్పండి.

మొదటి జవాబు: ఉందండీ. జ్యా అంటే వింటినారి, అచ్చ తెలుగులో అల్లెతాడు. వృత్తంలో చాపం విల్లయితే, దాని రెండు కొసలకూ కట్టిన తాడు జ్యా. ఈ మాటే అరబ్బుల దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి లాటిన్‌లోకి వెళ్లి, "సైన్" అనే వేషంలో మన ట్రిగనామెట్రీ క్లాసుకు తిరిగొచ్చింది. మితి అంటే కొలత. కాబట్టి జ్యామితి అంటే తాడుతో కొలవడం.

రెండో జవాబు: సైన్ కథ నిజమే. చివరి వాక్యం దగ్గరే నాకు పేచీ. జ్యామితిలో ఉన్నది అల్లెతాడు కాదు, భూమి. అమరకోశంలో భూమి పేర్ల దగ్గర "క్షోణిర్జ్యా కాశ్యపీ క్షితిః" అని వస్తుంది చూడండి. క్షోణి, జ్యా, కాశ్యపి, క్షితి, నాలుగూ నేల పేర్లే. గ్రీకులో గే అంటే భూమి, మెట్రాన్ అంటే కొలత. జామెట్రీ అన్న మాటకు అర్థమూ కుదిరేలా, చెవికి అదే చప్పుడూ వినబడేలా కూర్చిన మాట జ్యామితి. హిందీ, బెంగాలీల్లో ఇదే వాడుక. తెలివైన మాటే, ఒప్పుకుంటాను. కానీ జ్యా అంటే భూమి అని ఎందరికి తెలుసు? ఈ గ్రూపులోనే ఇప్పుడు పొరబడ్డాం కదా!

అమ్మాయి ప్రశ్నకు మాత్రం "ఒకటే" అని నేను చెప్పను. పరీక్షకు ఒకటే, మాటల పుట్టుకలో కాదు.

రేఖాగణితం అన్నది ఒక పుస్తకం పేరు. జైపూర్ నగరం కట్టించిన సవాయి జైసింగ్ ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్ అనే పండితుడుండేవాడు. 1718 ప్రాంతంలో ఆయన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన "ఎలిమెంట్స్"ను సంస్కృతం చేశాడు. అదీ గ్రీకు నుంచి కాదు, పర్షియన్ పండితుడు నసీరుద్దీన్ తూసీ సిద్ధం చేసిన అరబ్బీ పాఠం నుంచి. దానికి పెట్టిన పేరు రేఖాగణితం. అంటే ఈ పేరు యూక్లిడ్ వెంట నడిచొచ్చిన పేరు.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మనకు వేరే పేరుంది, క్షేత్రగణితం. క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఒక ప్రకరణం పేరే అది. నన్నయ కాలానికి దగ్గరివాడైన పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. క్షేత్రమంటే పొలం. త్రిభుజమైనా వృత్తమైనా వీళ్లకు అది ఒక చెక్క నేల. దాని వైశాల్యం ఎంతో తేలాలి, అంతే.

ఈ శాస్త్రం పుట్టుక కూడా పొలంలోనే. నైలు నదికి వరదొచ్చి ఎవరి పొలమైనా కోసుకుపోతే, రాజుగారి మనుషులు వచ్చి మిగిలింది కొలిచి ఆ మేరకు పన్ను తగ్గించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. గ్రీకులు జామెట్రీ నేర్చింది అక్కడేనని ఆయన మాట. మన దగ్గర యజ్ఞవేదులు కొలవడానికి శుల్బసూత్రాలు వచ్చాయి. శుల్బమంటే తాడు. గద్ద ఆకారంలో ఇటుకలతో వేది పేర్చాలి, ఆకారం చెడకుండా వైశాల్యం పెంచాలి. ఇదంతా మేకులు పాతి తాడు లాగి చేసిన పని. మనం పైథాగరస్ సిద్ధాంతమనేది శుల్బసూత్రం రాసిన బౌధాయనుడి దగ్గర త్రిభుజంగా కూడా కనబడదు. దీర్ఘచతురస్రంలో మూల నుంచి మూలకు లాగిన తాడు, పొడుగు తాడూ అడ్డం తాడూ విడివిడిగా చేసే రెండు వైశాల్యాలనూ కలిపి తానొక్కటే చేస్తుందంటాడు. వర్గమూలం రెండుకు ఆయన చెప్పిన లెక్క 577/408కి తేలుతుంది. దశాంశాల్లో 1.4142 దాకా సరిగ్గా సరిపోతుంది.

అన్నట్టు, తెలుగులో పొలాన్నీ కొలుస్తాం, దేవుణ్ణీ కొలుస్తాం. పదాల వేర్ల జోలికి పోను గానీ, వేది దగ్గర తాడు పట్టుకున్న మనిషి రెండు పనులూ ఒకేసారి చేశాడు.

యూక్లిడ్ దగ్గరికొచ్చేసరికి తాడు మాయమైపోతుంది. భాగాలు లేనిది బిందువు, వెడల్పు లేని పొడవు రేఖ. తాడుకు వెడల్పుంటుంది, పొలం గట్టుకు ఇంకా ఎక్కువ ఉంటుంది. వెడల్పు లేనిది ఈ లోకంలో దొరకదు, మనసులోనే ఉంటుంది. కొలిచి "సరిపోయింది" అంటే ఆయన ఒప్పుకోడు. ఎందుకు సరిపోయిందో, రుజువు అడగకుండా ఒప్పుకున్న అయిదు స్వీకృతాల నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా చూపించాలి. అందుకే ఆ పుస్తకానికి క్షేత్రగణితం కంటే రేఖాగణితం అనడమే తగిందని నా ఉద్దేశం. పొలం లెక్క క్షేత్రగణితం, వెడల్పు లేని గీత లెక్క రేఖాగణితం. బడిలో క్షేత్రమితి అని వైశాల్యాల పాఠానికి ఇప్పటికీ వేరే పేరుండటం చూస్తే, ఆ పాత తేడా పూర్తిగా పోలేదనిపిస్తుంది.

ఇంకొకరు: చాలా బాగా చెప్పారు. మా తాతగారు కరణం. 1984లో కరణాల ఉద్యోగాలు పోయాక కూడా పొలాలు కొలిచే గొలుసు మా అటక మీదే ఉండేది. 66 అడుగులు, 100 లింకులు. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు ఉన్న చెక్క సరిగ్గా పది సెంట్లు. తెలంగాణలో గుంట అనేది అర గొలుసు చదరం, 33 అడుగులకు 33. నలభై గుంటలయితే ఎకరం. ఆయన జామెట్రీ బాక్సు ముట్టుకోగా నేను చూడలేదు. వంకర గట్ల పొలాన్ని ముక్కోణాలుగా కోసి లెక్క కట్టేవారు.

మరొకరు: మూలమట్టం సంగతి ఎవరూ ఎత్తలేదేం? మేస్త్రీల చేతిలోనూ ఉంటుంది, పిల్లల బాక్సులోనూ ఉంటుంది. ఇందులో మూల సంస్కృతం మూలం కాదు. తమిళంలో మూలై, కన్నడలో మూలె, అవే మన మూల. వర్గమూలంలో ఉన్నది చెట్టు వేరు, ఇది ఇంటి మూల. మా ఇంటికి ముగ్గు పోసిన రోజు మేస్త్రీ మూల దగ్గర ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య టేపు పట్టాడు. అయిదడుగుల రెండంగుళాలు వచ్చింది. "మూల విచ్చుకుంది సార్" అని ముగ్గు చెరిపేశాడు. ఎందుకు అయిదే రావాలని అడిగితే, "వస్తుంది సార్, మా నాన్న కూడా అట్లనే చూసేవాడు" అన్నాడు.

రెండో జవాబిచ్చిన నేనే మళ్లీ: భలే. లంబం కూడా మేస్త్రీల మాటే. లంబమంటే వేలాడేది, దారానికి కట్టిన గుండు. పర్పెండిక్యులర్‌లోని లాటిన్ ధాతువుకూ వేలాడటమనే అర్థం. లైన్ అనే మాటైతే అవిసె నారతో తీసిన దారం నుంచి వచ్చింది. మన గీత, రేఖ మాత్రం తాడు కావు, గీరితే పడ్డవి.

ప్రశ్న అడిగిన నేను: అందరికీ ధన్యవాదాలు. ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. గొలుసు దగ్గరా గద్ద దగ్గరా బాగానే విన్నది. యూక్లిడ్ దగ్గర ఆగి, "గీతకి వెడల్పే లేనప్పుడు మా సార్ పెన్సిల్ సన్నగా చెక్కలేదని ఎందుకు తిడతారు?" అంది. దీనికి జవాబు ఎవరిస్తారు?