పాత కామెడీ పెడితే మా అమ్మాయి నవ్వట్లేదు, ఎందుకంటారు?

పాతరీలు:

పాత హాలీవుడ్ కామెడీ జోడీ లారెల్, హార్డీ అంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. ఆ పిచ్చి మా అమ్మాయికీ అంటించాలని ఎప్పటి నుంచో ఆశ. తనకి పదహారేళ్ళు. మొన్న బతిమాలి కూర్చోబెట్టి ‘ది మ్యూజిక్ బాక్స్’ పెట్టాను. 1932లో వచ్చిన చిన్న సినిమా, అరగంట ఉంటుంది, ఆస్కార్ కూడా గెలిచింది. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఇద్దరూ కలిసి ఒక పియానో పెట్టెను ఎత్తైన ఇంటికి చేర్చాలి. ఎదురుగా మెట్లు, మెట్లు, ఇంకా మెట్లు. పెట్టె కొంత ఎక్కుతుంది, జారుతుంది. మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ జారుతుంది. కథంతా దాదాపు అంతే.

నేను నవ్వలేక కళ్ళు తుడుచుకుంటున్నాను. తనేమో, “నాన్నా, ఇంకా ఎక్కుతూనే ఉంటారా?” అంది.

“అదేనే జోకు!”

“ఆ జోకు ఇందాకే అయిపోయిందిగా.”

సినిమా మొత్తంలో రెండే చోట్ల నవ్వింది. ఒకటి, పెట్టె కిందికి పోతుంటే హార్డీ కదలకుండా నిలబడి నేరుగా కెమెరాలోకి, అంటే మనవైపు, ఒక చూపు చూస్తాడే, అక్కడ. రెండోది, ఆపసోపాలు పడి పైకి చేరాక పోస్ట్‌మన్ వచ్చి “పక్కనుంచి బండి వచ్చే రోడ్డు ఉంది కదా” అంటే, వీళ్ళిద్దరూ పియానోను మళ్ళీ మెట్లన్నీ దించి, బండిలో పెట్టుకుని రోడ్డు మీద పైకి తెస్తారు. అక్కడ గట్టిగానే నవ్వింది. మిగతా అంతా మర్యాద కోసం కూర్చుంది.

అయిపోగానే ఫోన్ తీసింది. ఎవరో ఒకాయన ఏదో మీటింగులో “సరే” అంటాడు. ఆ ముఖాన్ని దగ్గరికి లాగి, అదే “సరే”ని నాలుగుసార్లు తిప్పి వేశారు. కొన్ని సెకన్ల వీడియో. దానికి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకైతే అందులో ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు.

నా సందేహం ఇది. అరగంట పియానో నవ్వించలేనిది, ఆ “సరే” ఎలా నవ్వించింది? నిజంగా అభిరుచి మారిందా, లేక నేనే పాతబడ్డానా? దయచేసి జనరేషన్ గ్యాప్ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. జ్వరం ఎందుకొచ్చిందంటే ఒళ్ళు వేడిగా ఉంది కాబట్టి అన్నట్టు ఉంటుంది అది.

---

విసుగుబాబు:

ఇందులో ఆలోచించడానికి ఏముందండీ. ఓపిక లేదు. రీల్స్ చూసి చూసి బుర్రలు అలా తయారయ్యాయి. ఈ కాలం పిల్లలకి చాప్లిన్ కూడా ఒకటిన్నర స్పీడులో కావాలి.

---

పాతరీలు:

విసుగుబాబు గారూ, ఇదే పిల్ల ఎనిమిది భాగాల క్రైమ్ సీరీస్‌ని రాత్రంతా మేలుకుని చూస్తుంది. ఓపిక లేకపోవడం ఒక్కటే అయితే అది కూడా చూడకూడదు కదా.

---

కత్తెరపని:

నేను ఎడిటింగ్ చేస్తాను. ఎక్కువగా కామెడీ షోలు. కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజువారీ కూడు లాంటిది. కొంచెం పెద్దగా రాస్తాను, భరించండి.

ముందు మీరు ఆ సినిమాని ఎలా చూపించారో చూడండి. గదిలో ఇద్దరు. ఒకరికి ప్రతి సీనూ ముందే తెలుసు. రెండో ఆవిడ మొదటిసారి చూస్తోంది. లారెల్, హార్డీ సినిమాలు ఇలా చూడటానికి కోసినవి కావు. వాళ్ళ టీమ్ సినిమాని విడుదలకు ముందే హాల్లో జనానికి వేసి చూసేది. ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, ఆ నవ్వు అయ్యేదాకా షాట్‌ని ఆపేది. తర్వాతి మాట నవ్వుల్లో కొట్టుకుపోకూడదు కదా. ఆ ఎడిటింగ్ పనిలో స్టాన్ లారెల్ కూడా కూర్చునేవాడు. హార్డీ అంతసేపు మనవైపు చూస్తాడంటే దానికి ఒక పని ఉంది. హాలంతా నవ్వుతుంటే ఆయన ఆగుతున్నాడు.

ఇప్పుడు అదే సినిమాని నవ్వేవాళ్ళు లేని గదిలో వేయండి. ఆ ఖాళీలు ఖాళీలుగానే కనిపిస్తాయి. మీ అమ్మాయికి బోరు కొట్టింది జోకు కాదు, నిండని ఖాళీ. మీకు అవి ఎందుకు ఖాళీగా అనిపించవంటే, చిన్నప్పుడు నలుగురితో కలిసి నవ్విన నవ్వు మీ చెవుల్లో ఉంది. ఆ నవ్వుల ట్రాక్ మీరే వేసుకుంటున్నారు.

ట్రాక్ అన్నాను కాబట్టి ఇదీ చెప్తాను. టీవీ వచ్చాక, ఇళ్ళలో ఒంటరిగా కూర్చున్నవాళ్ళని నవ్వించడం ఎలా అన్నది పెద్ద తలనొప్పి అయింది. 1951లో మొదలైన అమెరికన్ టీవీ కామెడీ ‘ఐ లవ్ లూసీ’ వాళ్ళు ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, ఒకేసారి మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తీశారు. ఆ నవ్వులు నిజమైనవి. చాలామందికి అంత కుదరలేదు. చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీర్ 1950ల్లో ఒక పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే కిలకిల, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. యుద్ధంలో సైనిక ఆసుపత్రి మీద నడిచే కామెడీ ‘మాష్’ సీరియల్ (1972–83) తీసినవాళ్ళకి ఈ పెట్టె నవ్వులు అస్సలు ఇష్టం లేదు. చానల్ వదల్లేదు. చివరికి ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం నవ్వు వేయకూడదని ఒప్పించుకున్నారు. అదే సీరియల్‌ని బ్రిటన్‌లో పెట్టె నవ్వులు తీసేసి ప్రసారం చేశారు. రెండు రకాలుగానూ చూస్తే రెండు వేర్వేరు సీరియల్స్ చూసినట్టుంటుంది. నవ్వు లేని దాంట్లో యుద్ధం ఎక్కువ కనిపిస్తుంది.

ఇక ఆ “సరే” వీడియో సంగతి. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మూకీల కాలపు హాస్యనటుడు బస్టర్ కీటన్‌ది. 1924లో ‘ది నావిగేటర్’ కోసం నీటి అడుగున ఒక గ్యాగ్, అంటే నవ్వించే చిన్న ముక్క, తీశాడు. గజ ఈతగాళ్ళు వేసుకునే బరువైన డ్రెస్సులో సముద్రం అడుగున నిలబడి, స్టార్‌ఫిష్‌ని బ్యాడ్జిలా పెట్టుకుని, చేపల గుంపులకి ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపుతాడు. చాలా శ్రమపడి తీసిన సీను. ట్రైలర్‌లో వేస్తే జనం విరగబడి నవ్వారు. సినిమాలో వేస్తే చప్పుడు లేదు! కీటన్ తర్వాత కారణం చెప్పాడు. సినిమాలో ఆ సమయానికి పైన ఓడలో హీరోయిన్ ప్రమాదంలో ఉంది. హీరో కింద పని ముగించి ఆమెని కాపాడాలి. ఆ టైములో చేపలతో ఆటలేమిటని జనం మనసొప్పలేదు. ఆ సీను తీసేశాడు.

అంటే విడి ముక్కగా పేలేది వేరు, కథలో పేలేది వేరు. మీ అమ్మాయి చూసే వీడియోలన్నీ ట్రైలర్‌లో చేపలే. కథ లేదు కాబట్టి ఎవరి గురించీ బెంగ పడక్కర్లేదు. మీరు పెట్టిందేమో, ఆ ఇద్దరు మూర్ఖుల మీద జాలి పుట్టేదాకా నవ్వు పూర్తిగా రాని సినిమా.

---

విసుగుబాబు:

ఎంత పెద్దగా చెప్పినా తేలింది నేను చెప్పిందే కదా. ముక్కలకి అలవాటు పడ్డారు.

---

చాక్‌పీస్:

విసుగుబాబు గారికి ఒక మాట. మనం “పాత కామెడీ” అని తలుచుకునేది ఏరిన ముక్కల్నే. ఆ కాలంలో వారం వారం వచ్చిపడ్డ రెండు రీళ్ళ చిన్న సినిమాల తన్నులాటలు వరసగా చూడండి, తెలుస్తుంది. ఒకడు తంతాడు, ఇంకొకడు పడతాడు, పోలీసులు పరిగెడతారు, అయిపోయింది. అందులో చాలా మటుకు అప్పట్లోనే ఎవరికీ గుర్తుండి ఉండవు. పైగా అప్పటి జనం కూడా అన్నిటికీ నవ్వలేదు. ఇప్పుడు అందరూ కళాఖండం అనే కీటన్ ‘ది జనరల్’ (1926) విడుదలైనప్పుడు డబ్బులు రాలేదు, మెచ్చుకున్నవాళ్ళూ తక్కువే. మరి 1926లో రీల్స్ లేవు కదండీ!

నేను పిల్లలకి సినిమాలు చూపిస్తుంటాను. నాకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. హాయిగా నవ్వుతూ చూస్తుంటాం, ఉన్నట్టుండి తెల్ల నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని వస్తాడు. కత్తెరపని గారు చెప్పిన ‘ది నావిగేటర్’లోనే, ఆ హీరోయిన్‌కి వచ్చే ప్రమాదం ఏమిటి? నరమాంసం తినే నల్లజాతి వాళ్ళు. ‘టామ్ అండ్ జెర్రీ’ పాత భాగాల్లో బాంబు పేలి ముఖం మసిబారితే అది ఎవరిని వెక్కిరిస్తోందో ఇప్పటి పిల్లలు ఇట్టే పట్టేస్తారు. టీవీలో వేసేటప్పుడు అలాంటివి కొన్ని కత్తిరించారు కూడా. నత్తి మీద జోకులు, లావు మీద జోకులు సరేసరి. వీటికి పిల్లలు నవ్వకపోతే వాళ్ళకి హాస్యం తెలియదని నేను అనలేను. నేను చిన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు నాకూ నవ్వు రావట్లేదు.

పియానో సినిమాకి ఈ గొడవ లేదులెండి. దాన్ని కాపాడేది కూడా అదే. బరువు, మెట్లు, మొండితనం. ఇవి ఏ కాలంలో అయినా ఉంటాయి.

---

లోడింగ్19:

నేను కాలేజీ స్టూడెంట్‌ని, కాబట్టి ముద్దాయిల తరఫున మాట్లాడతాను 😄

అంకుల్, ఆ “సరే” వీడియో మీకు ఎందుకు అర్థం కాలేదంటే, మీరు చూసింది పదో మెట్టు. ముందు ఆ మీటింగు వీడియో మామూలుగా వచ్చి ఉంటుంది. తర్వాత ఎవరో దానికి పాట కలిపి ఉంటారు. ఇంకెవరో పరీక్ష రిజల్ట్స్ రోజున పెట్టుంటారు. మీ అమ్మాయి అవన్నీ చూసింది కాబట్టి ఆ ముఖం కనపడగానే నవ్వొస్తుంది. ఒకే పని మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొంచెం మార్చి. మీ పియానో కూడా అదే కదా? కాకపోతే మీది ఒకే సినిమాలో అరగంట. మాది రెండు వారాలు, ముక్కలు ముక్కలుగా, ఫ్రెండ్స్ ఒకరికొకరు పంపుకుంటూ. హాలు లేదని కత్తెరపని అన్న అన్నారు. మా హాలు గ్రూప్ చాట్.

ఇంకోటి. తను హార్డీ చూపుకి నవ్వింది అన్నారు చూడండి, అది నాకు వింతగా అనిపించలేదు. ‘ది ఆఫీస్’ అనే టీవీ కామెడీ చూశారా? బ్రిటన్‌లో 2001లో వచ్చింది, అమెరికా వాళ్ళు 2005లో మళ్ళీ తీశారు. అందులో బాస్ ఏదైనా పిచ్చి మాట అనగానే పక్కనున్న ఉద్యోగి ఏమీ అనకుండా కెమెరా వైపు చూస్తాడు. మా తరం మీమ్స్‌లో సగం ఆ చూపు మీదే బతుకుతున్నాయి. హార్డీ అదే పని ఎప్పుడో చేశాడన్నమాట! కాబట్టి మీ అమ్మాయికి ఆ భాష ముందే వచ్చు. మెట్ల భాష రాదు, అంతే.

పాతవన్నీ మేం చూడమనేది కూడా నిజం కాదు. ఇంటి ముందు గోడ మొత్తం ఒక మనిషి మీద కూలిపోయి, కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి వచ్చి బతికిపోతాడే, ఆ క్లిప్ నేను ఎన్నిసార్లు చూశానో. అది కీటన్ అని ఈ మధ్యే తెలిసింది.

---

కత్తెరపని:

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’, 1928. నిజం గోడే. కొంచెం అటూఇటూ నిలబడి ఉంటే కీటన్ అక్కడే పోయేవాడు. అది ముక్కగానూ పనిచేస్తుంది, సినిమాలోనూ పనిచేస్తుంది. అలాంటివి తక్కువ.

హార్డీ చూపు గురించి తమ్ముడు చెప్పింది నాకు నచ్చింది. నిజానికి అక్కడ ఇద్దరి పనీ ఒకటే: పక్కనున్న మూర్ఖుడి గురించి మనకి మౌనంగా ఫిర్యాదు చేయడం. తేడా ఎక్కడంటే, హార్డీ తనూ మూర్ఖుడే అన్న సంగతి మర్చిపోయి ఫిర్యాదు చేస్తాడు. ఇప్పటి ఉద్యోగి నిజంగానే తెలివైనవాడు. నాకు హార్డీయే ఎక్కువ ఇష్టం. తెలివైనవాడు విసుక్కుంటే ఒకసారి నవ్వొస్తుంది. మూర్ఖుడు విసుక్కుంటే ఎన్నిసార్లయినా వస్తుంది.

---

పాతరీలు:

అందరికీ థాంక్స్. లోడింగ్ బాబూ, నీ రిప్లై మా అమ్మాయికి చూపించాను. “చూశావా, నేను చెప్తే వినవు” అంది. తను ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తు లేదు, అది వేరే విషయం. హార్డీ ముఖాన్ని మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకుని ఫ్రెండ్స్‌కి పంపింది, కింద నా డైలాగేదో రాసి. ఏం రాసిందో చూపించట్లేదు.

చాక్‌పీస్ గారు చెప్పిన నల్లరంగు సంగతి నిజమే. నా దగ్గరున్న వాటిలో కొన్ని తనకి చూపించాలంటే నాకే జంకుగా ఉంది.

ఈ శనివారం తన ఫ్రెండ్స్ ముగ్గురు వస్తున్నారు. నలుగురు పిల్లలు, నేను, మా ఆవిడ. కత్తెరపని గారు అన్న హాలు అంత కాకపోయినా కొంచెమైనా ఉంటుంది. ఏం వేయమంటారు? చిన్నదిగా ఉండాలి.

---

కత్తెరపని:

కీటన్ ‘వన్ వీక్’, 1920. అరగంట కూడా ఉండదు. కొత్తగా పెళ్ళయిన జంటకి విడిభాగాలుగా ఇల్లు వస్తుంది, పెట్టెల మీద నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. పెళ్ళికూతురు తనకి దక్కలేదన్న కోపంతో ఒకడు ఆ నంబర్లు మార్చేస్తాడు. ఇక ఇల్లు ఎలా తయారవుతుందో మీరే చూడండి. రెండు జాగ్రత్తలు. మూకీ సినిమాలు చేత్తో తిప్పే కెమెరాతో తీసినవి, కొన్ని కాపీల్లో మనుషులు మరీ గబగబా పరిగెడతారు. కామెడీ కోసం కావాలని కొంచెం వేగం పెంచడం వాళ్ళకీ అలవాటే, కానీ అతిగా ఉంటే అది కాపీ తప్పు. సరైన వేగంలో ఉన్న మంచి కాపీ వెతకండి. రెండోది, మీరు వెనక వరసలో కూర్చోండి. ముందే నవ్వకండి. “ఇప్పుడు చూడండి, ఇప్పుడు చూడండి” అనకండి.

చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. ఎదురుగా రైలు వస్తుంటుంది. అక్కడ అందరూ ఊపిరి బిగబడతారు. రెండో రైలు సంగతి మాత్రం ముందే చెప్పకండి.

---

విసుగుబాబు:

రెండో రైలా? నేను అది ఇంకా చూడలేదు మాస్టారూ! మొత్తం చెప్పేశారుగా!