మైనరు గర్భిణి ఓపీకి వస్తే ఎవరు ఎవరికి చెప్పాలి?

గజపతినగరం మాస్టారు: మా మండలంలో పదిహేడేళ్ల వివాహిత నాలుగో నెలలో పీహెచ్‌సీకి వచ్చింది. ఆధార్‌లో వయసు చూసిన వైద్యాధికారి పోలీసులకు సమాచారమిచ్చారు. ఊరు మాత్రం ఆమెను వెంటబెట్టుకొని వెళ్లిన ఆశా కార్యకర్త మీద పడింది. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే శిశు సంక్షేమ విభాగం) వారితో ముందుగా మాట్లాడి ఉంటే ఇంత రచ్చ అయ్యేదా?

నాగావళి డాక్టరు: మాట్లాడుకోవడానికి ఏముంది మాస్టారూ? 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవారు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. భార్య అయినా పద్దెనిమిదేళ్లు నిండకపోతే అత్యాచార నేరం నుంచి భర్తకు మినహాయింపు లేదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

రాజాం వాసి: ఆధార్‌లో తేదీ సరైనదేనా? బడి రికార్డు చూశారా?

మాస్టారు: చెప్పవద్దని నేను అనలేదు. ఎవరికీ తెలియకుండా చెప్పవచ్చు కదా అంటున్నాను.

డాక్టరు: ఆ పెళ్లి జరుగుతున్నప్పుడు ఐసీడీఎస్ ఎక్కడుంది? అది ముందు చెప్పండి.

చీపురుపల్లి ఐసీడీఎస్ సూపర్‌వైజరు: డాక్టరు గారూ, మేము పెళ్లి ఆపిన నాలుగు రోజులకే రాత్రికి రాత్రి ఒడిశా గుడికి తీసుకువెళ్లి తాళి కట్టించినవారున్నారు. మీ సంగతీ చెబుతాను. ఒంటి నిండా కమిలిన మచ్చలున్న పిల్లవాడిని నేను ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, చీటీ మీద ‘జారిపడ్డాడు’ అని రాసి మందులిచ్చి పంపేశారు. ఫోన్ చేస్తే మళ్లీ ఎత్తలేదు.

డాక్టరు: ఆ ఒక్క చీటీకి వైద్యులందరినీ బోనెక్కిస్తారా? కోర్టు వాయిదాలకు తిరిగేది మేము.

ఆశా కార్యకర్త, ఎస్.కోట వైపు: మీరు సాయంత్రానికి పట్నం వెళ్లిపోతారు సార్, నేను ఆ వీధిలోనే నీళ్లు పట్టుకోవాలి. కేసు పెట్టినందుకు నాకు బాధ లేదు. తరువాత ఆ పిల్ల పరీక్షలకు వస్తోందా, ఇంట్లోనే పురుడు పోస్తారా అని అడిగిన నాథుడు లేడు.

సూపర్‌వైజరు: నా గొడవ కూడా అదే. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. 2020 నిబంధనల ప్రకారం కమిటీ ఆ పిల్లకు తోడుగా సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వవచ్చు. ఆ తోడుగా వచ్చే మనిషికి హిమోగ్లోబిన్ ఎంతో, కాన్పు తేదీ ఎప్పుడో చెప్పేది ఎవరు? సమాచారం పంపడంతో తమ పని అయిపోయిందని మీరనుకుంటున్నారు, మా పని అక్కడే మొదలవుతుంది.

డాక్టరు: చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కమిటీ ఉత్తర్వులో ఏముందో పీహెచ్‌సీకి ఎవరైనా చెబితే కదా!

సూపర్‌వైజరు: అడిగిన డాక్టరును నేనింతవరకు చూడలేదు.