గానుగ నూనె వ్యాపారం, ఇల్లు, ఊరు: ఆవకాయ రోజులకి ముందే ఎలా సర్దుకోవాలి?

పద్మనాభం_గానుగ:

మాది విశాఖపట్నం దగ్గర పద్మనాభం మండలంలో ఒక ఊరు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో 3 హెచ్‌పీ మోటారుతో ఒక కర్ర గానుగ. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కలిపి వారానికి 60 లీటర్ల దాకా తీస్తాం. సగానికి పైగా మధురవాడ, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లకి వెళ్తుంది, మిగతాది ఊళ్లోనే. గింజలు చుట్టుపక్కల రైతుల దగ్గరే కొంటాం, కాటా దగ్గరే డబ్బులిస్తాం. పనికొచ్చే ఇద్దరిలో ఒకరు ఆడమనిషి, ఒకరు మగమనిషి; ఇద్దరికీ ఒకటే కూలి. నూనెలో ఇంకే నూనే కలపం. వీటిలో ఏదీ మార్చుకునే ఉద్దేశం లేదు.

చిక్కంతా వేళల దగ్గరే. ఆవకాయ గిరాకీ, పెళ్లిళ్లు, పిల్లల సెలవులు, నువ్వుల కోత అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చి పడతాయి. కార్తీకంలో దీపాలకి నూనె కావాలని ఫోన్లు మొదలయ్యేసరికి వరి కోతలొస్తాయి, పనివాళ్లు పొలానికి పోతారు. అప్పుడు రాత్రి పది దాకా గానుగ తిప్పాల్సి వస్తోంది. పక్కింట్లో పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉంది. ఇక చుట్టాలు "ఇంట్లో నూనేగా" అని సీసాలు పట్టుకెళ్తారు, కాదంటే మాటొస్తుంది. లీటరు నువ్వుల నూనె 360కి అమ్ముతున్నాం, ఏడాది చివర చేతిలో ఏమీ నిలవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తాటిబెల్లం:

అమ్మా, ముందు రెండు నూనెల్నీ ఒకే గాటన కట్టకండి. నువ్వుల నూనెలో కమురు పట్టకుండా కాపాడే సెసమాల్ లాంటి సహజ పదార్థాలు ఉంటాయి, తడి లేకుండా తీసి చీకట్లో పెడితే నెలల తరబడి నిలుస్తుంది. వేరుశనగ నూనె అంతకాలం ఆగదు, త్వరగా కమురు వాసన పడుతుంది. కాబట్టి వేరుశనగ ఏ వారానికావారం, నువ్వులు ముందుగా. మీ రాత్రి పనిలో చాలా భాగం ఈ ఒక్క మార్పుతో పోతుంది.

లెక్క చూడండి. 15 కిలోల నువ్వులు ఒక వాయి. అది ఆడటానికి సుమారు గంట, దిగేది ఆరు కిలోలు, అంటే ఆరున్నర లీటర్లు. ఆవకాయ ఆరు వారాల్లో మీ గిరాకీ రెట్టింపవుతుందనుకుంటే అదనంగా 360 లీటర్లు కావాలి. మొత్తం ముందే ఆడాలంటే 800 కిలోలకి పైగా గింజ కొనాలి, అంత డబ్బు ఇరికించడం మంచిది కాదు. అందులో 200 లీటర్లు మాత్రం ఇప్పటినుంచి ఉగాది లోపు ఆడేయండి. సుమారు 31 వాయిలు. ఆరు వారాలకి పంచితే వారానికి ఐదారు వాయిలు, పగటిపూటే అయిపోతాయి. 15 కిలోల డబ్బాల్లో పెడితే పన్నెండు పదమూడు డబ్బాలు. మిగతా 160 లీటర్లలో సగం గిరాకీ వదులుకోండి. ఉగాది వారంలో ఆర్డర్లు తీసుకుని, సగం డబ్బు ముందే కట్టించుకుని, నిండగానే "ఈసారికి అయిపోయింది" అని చెప్పేయడమే.

నిల్వ నూనె పాడైతే చాలావరకు తడి వల్లే. గానుగ ఆడేటప్పుడు 15 కిలోలకి కిలో దాకా తాటిబెల్లం వేసి, చిలకరించే నీళ్లు కొద్దికొద్దిగా వేయాలి. నీళ్లు తక్కువైతే పిండి ముద్ద కట్టదు, పొడిపొడిగా తిరుగుతుంది, నూనె విడదు. ఎక్కువైతే నూనె మడ్డిగా దిగుతుంది, మూకుట్లో నురగ కడుతుంది, ఆవకాయలో పోస్తే జాడీ పైన బూజు పడుతుంది. ఆ నింద మీ నూనె మీదకే వస్తుంది. దిగిన నూనెని స్టీలు పాత్రలో గుడ్డ కట్టి నాలుగు రోజులు కదపకుండా తేరనివ్వండి, పైనుంచి వంచి వడగట్టండి, అడుగు రెండు మూడు అంగుళాలు డబ్బాలోకి పోనివ్వకండి. డబ్బా మూసేముందు చిన్న గరిటెలో చెంచాడు నూనె కాచండి. చిటపటమంటే అందులో ఇంకా నీళ్లున్నట్టు. మరో మూడు రోజులు తేరనిచ్చి మళ్లీ చూడండి. చప్పుడు లేకుండా వేడెక్కి సన్నగా పొగ లేస్తే డబ్బా గొంతు దాకా నింపి మూసేయొచ్చు. సముద్రపు గాలికి మన వైపు గింజల బస్తాలు కూడా చెమ్మ లాగుతాయి. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు దూరంలో పేర్చండి.

లెక్కల_పుస్తకం:

360 అన్నారు కదా, ఆ ధరలోనే మీ ఇంటి గొడవ సగం ఉంది. కిలో నువ్వులు 150 అనుకుని వేస్తున్నా, మీ ధర పెట్టి మార్చుకోండి.

లీటరుకి 2.3 కిలోల గింజ, 345. చెత్త, రాళ్లు, మట్టి పోయే తరుగు 10. ఇద్దరు మనుషులకి రోజుకి 600 చొప్పున గంటకి 150 పడుతుంది, ఆరున్నర లీటర్లకి పంచితే 23. కరెంటు 3. సీసా, మూత, లేబుల్ 15. గాజు సీసా అయితే దీనికి రెట్టింపు. మడ్డిలో పోయేది 10, సిటీకి చేర్చడం 8. మొత్తం 414. నూనె తీశాక మిగిలే తెలగపిండి కిలోంబావు వస్తుంది, కిలో 35 చొప్పున 44 తీసేస్తే 370. రోలు, రోకలి అరుగుదల, మోటారు రిపేరు, గింజల మీద పెట్టిన డబ్బుకి వడ్డీ కలిపి 30 వేయండి. 400.

ఇందులో మీ కూలీ, మీ ఆయన కూలీ ఎక్కడా లేవు. 360కి అమ్మితే లీటరుకి 40 మీ ఇంట్లోంచి పోతోంది, దాన్ని రాత్రి పది దాకా చాకిరీతో పూడుస్తున్నారు. రైతుకి, కూలికి న్యాయం చేసి ఇంటి ఆడమనిషికి ఊరికే చేయిస్తే ఆ వ్యాపారం సగమే న్యాయమైనది. సిటీలో 470కి తగ్గకుండా పెట్టండి. మీకంటూ నెలకి ఇంత అని జీతం రాసి మీ ఖాతాలోకి వేసుకోండి. ఇంటి ఖర్చు ఖాతా, గానుగ ఖాతా వేరుగా ఉండాలి. ఒకే ఖాతా అయితే స్కూలు ఫీజుకీ, గింజలకీ తేడా తెలియకుండా పోతుంది.

ధర పెంచుతున్నప్పుడు పై లెక్క మొత్తం వాట్సాప్‌లో పెట్టేయండి. కొనేవాళ్లకి గింజ ధర కూడా తెలియాలి. కొందరు మానేస్తారు. ఆ మేరకు వాయిలు తగ్గడం మీకు ఇప్పుడు మంచిదే.

తెలగపిండిని అంతా పశువులకే ఇచ్చేస్తున్నారేమో చూడండి. గింజ కడిగి ఎండబెట్టి, గానుగ శుభ్రంగా ఉంచి ఆడిన రోజు పిండిని కూరకి అమ్మొచ్చు. మునగాకు తెలగపిండి కూర తినేవాళ్లు, బాలింతలకి వండేవాళ్లు వెతుక్కుని కొంటారు. పావుకిలో పొట్లాలు కడితే ధర బాగా పెరుగుతుంది. అయితే పిండి ఆరోజే పొడి చేసి ఎండబెట్టాలి, గడ్డలుగా వదిలేస్తే లోపల బూజు పడుతుంది.

కొత్తవలస_అత్త:

చుట్టాల సంగతి నేను చెప్తాను. వాళ్లకి కాదనడం మన ఊళ్లలో కుదరదు, కుదిరినా బాగుండదు. హద్దు మాత్రం పెట్టొచ్చు. నెలకి ఐదు లీటర్లు "ఇంటి వాడకం" అని పుస్తకంలో రాయండి; పండగకి ఆడపడుచుకి ఇచ్చేదీ, పురుడింటికి పంపేదీ అన్నీ అందులోవే. ఆ పుస్తకం అత్తగారి చేతిలో పెట్టండి. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆవిడ చెప్పాలి. అప్పుడు మాట మీ మీదకి రాదు, ఆవిడకీ ఇంట్లో తన మాట చెల్లుతోందని ఉంటుంది.

ఊరివాళ్ల కోసం వారానికి ఒకరోజు ఆడింపు పెట్టండి. మంగళవారం అనుకోండి. ఎవరి గింజ వాళ్లు తెచ్చుకుంటారు, కిలోకి ఇంత కూలి, పిండి పట్టుకెళ్తారు. పిండి వదిలేస్తే కూలి వద్దు. మన పెద్దలు నడిపిన పద్ధతే ఇది. ఊళ్లో తక్కువ ధరకి నూనె ఇవ్వలేదన్న మాట పోతుంది, అరువు గొడవ సగం తగ్గుతుంది. అరువు అడిగేవాళ్లకి మనిషికి రెండు లీటర్లు, పాతది తీరాకే కొత్తది.

వేళలు షెడ్డు తలుపు మీద రాసి పెట్టండి. పొద్దున్న ఏడు నుంచి పన్నెండు, మళ్లీ మూడు నుంచి ఆరు. మార్చి పరీక్షల్లో సాయంత్రం పూర్తిగా ఆపండి. ఊళ్లో చావైతే ఆ రోజు మోటారు వేయకండి. మీ ఇంటిపేరు వాళ్లలో మైల వస్తే పది రోజులు పోతాయి, అందుకే ఎప్పుడూ మూడు వారాల నువ్వుల నూనె డబ్బాల్లో ఉండాలి. సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా సెలవు అని ముందే సిటీవాళ్లకి చెప్పేయండి, ఎవరూ ఏమనుకోరు. వరి కోతల నెలలో పనివాళ్లని ఆపడానికి కూలి పెంచకండి. పక్క రైతుకి మనిషి దొరక్కుండా పోతాడు. ఆ నెల వాయిలు సగం చేసి, కార్తీకం నూనె దసరా లోపు ఆడి పెట్టుకోండి.

ఒకటి గట్టిగా చెప్తున్నా. సెలవుల్లో పిల్లల్ని షెడ్డులో ఆడనివ్వొద్దు. బెల్టుకి ఇనప జాలీ తొడుగు ఉండాలి, స్విచ్చి పెద్దవాళ్లకి మాత్రమే అందే ఎత్తులో, కానీ గానుగ పక్కనుంచే చెయ్యి చాపితే తగిలేలా ఉండాలి. కొంగు నడుముకి చెక్కి, జడ ముడేసి పని చేయాలి. తిరిగే రోకలి పక్కన పిండి ఎగదోయడానికి చెయ్యి పెట్టకూడదు, కర్ర తెడ్డే వాడాలి.

పద్మనాభం_గానుగ:

అందరికీ దండాలు. లెక్క చూశాక మా ఆయన కూడా 470కి సరేనన్నారు. ఇంకొకటి: ప్లాస్టిక్ ఎందుకని ఎంవీపీ కాలనీలో కొందరు స్టీలు క్యాన్లు తెచ్చి అందులో పోయమంటున్నారు. మంచి ఉద్దేశమే కదా, పోయొచ్చా?

లేబుల్_చూడు:

పోయొద్దండి. వంటనూనె విడిగా అమ్మడానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు, ప్యాక్ చేసి లేబుల్ వేసే అమ్మాలి. మంగళవారం ఆడింపు వేరు, అక్కడ గింజ వాళ్లది, మీరు తీసుకునేది కూలి మాత్రమే. ఆహార భద్రత సంస్థ ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకపోతే, ఆ సంస్థ వెబ్‌సైటు ఫాస్కాస్ పోర్టల్‌లో ముందు అది తీసుకోండి. లేబుల్ మీద ఆ నంబరు, మీ పేరు, చిరునామా, నికర పరిమాణం, ఆడిన నెల, ఏడాది, వాడాల్సిన గడువు, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోను ఉండాలి. బెల్లం వేస్తున్నారు కాబట్టి అదీ రాయండి. షుగరు తగ్గుతుంది, గుండెకి మందు లాంటి మాటలు రాయకండి. అడిగినవాళ్లకి నోటితోనూ చెప్పకండి.

ప్లాస్టిక్ వద్దనుకునేవాళ్లకి గాజు సీసాలో మూత బిగించి లేబుల్‌తో ఇవ్వండి, సీసాకి 30 డిపాజిట్. తిరిగొచ్చిన సీసాలు జిడ్డు పోయేలా సోడాపొడి కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలిచి, బోర్లించి ఒకరోజు, నిలబెట్టి ఎండలో ఇంకోరోజు ఆరబెట్టాలి. మెడ దగ్గర చుక్క తడి మిగిలినా తాటిబెల్లం గారు చెప్పిన బూజు గొడవే. పాత మూత మళ్లీ వాడకండి, లోపలి వాషరు కమురు వాసన పట్టేసి ఉంటుంది. వానాకాలంలో ఎండ ఉండదు కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా తిరిగొచ్చిన సీసాలు తీసి దాచుకుని, కొత్త వాటిలోనే నింపండి.