త్యూల్‌లో ఉరితీసిన 99 మంది పాపం ఎవరిది?

పాతపుస్తకం: 1944 జూన్ 7న ఫ్రాన్స్‌లోని త్యూల్‌లో జర్మన్ సైనికుల మీద ఎఫ్‌టీపీ అనే ప్రతిఘటన దళం గెరిల్లాలు దాడి చేశారు. మర్నాడు సాయంత్రం దస్ రైఖ్ అనే నాజీ ఎస్‌ఎస్ సైనిక డివిజన్ దిగగానే కొండల్లోకి వెళ్ళిపోయారు. 9న నాజీలు ఊళ్ళో మగవాళ్ళని పోగేసి 99 మందిని బాల్కనీలకీ దీపస్తంభాలకీ ఉరితీశారు. 149 మందిని జర్మనీలోని దహావ్ నిర్బంధ శిబిరానికి తోలితే 101 మంది తిరిగి రాలేదు. నిలబెట్టుకోలేని ఊరి జోలికి ఎందుకెళ్ళాలి?

కొండగాలి: ఉరితీసినవాణ్ణి వదిలేసి తిరగబడ్డవాణ్ణి అంటారా? 10న ఒరదూర్ అనే ఊళ్ళో 640 మందికి పైగా చంపారు. అక్కడ ఏ దాడి జరిగిందని?

లాపాయింటు: 1907 హేగ్ యుద్ధ నియమాల ప్రకారం సైనికుడిగా లెక్కలోకి రావాలంటే దూరానికి కనబడే గుర్తు ఉండాలి. ఈ గెరిల్లాలకి ఉందా?

కొండగాలి: చేతికి పట్టీలు కట్టుకునేవాళ్ళు. అయినా ఫ్రాన్స్ జర్మనీకి లొంగినప్పటి 1940 యుద్ధ విరమణ ఒప్పందం 10వ క్లాజు చూడండి. జర్మనీ శత్రుదేశాల తరఫున పోరాడే ఫ్రెంచివాణ్ణి ఫ్రాంక్-తిరర్‌గానే, అంటే సైన్యానికి చెందని సాయుధుడిగానే చూస్తామన్నారు. యూనిఫాం వేసుకున్నా అంతే.

లాపాయింటు: పట్టీ యూనిఫాం కాదు.

చిరుజల్లు: 1870లో ప్రష్యా కూడా ఫ్రాంక్-తిరర్లని పట్టుకుని కాల్చేసింది.

పాతపుస్తకం: పట్టీల గొడవ ఆపండి. నా చిన్నప్పుడు రాత్రిళ్ళు అన్నలొచ్చి అన్నం పెట్టమనేవాళ్ళు. తెల్లారితే పోలీసులు. మా నాన్న వీపు మీద లాఠీ వాతలకి అమ్మ పసుపూ నూనే రాస్తుంటే దీపం పట్టుకున్నది నేనే.

కొండగాలి: మీ నాన్నగారిని కొట్టింది అన్నలా?

పాతపుస్తకం: కొట్టినవాడు దుర్మార్గుడని నాకు మీరు చెప్పాలా? వాడి దగ్గర నేనేమీ ఆశించను. మీకోసమే అన్నవాళ్ళు మమ్మల్ని ఒక్కమాట అడగలేదు. నా బాధ అదీ!

కొండగాలి: ఈ మాట ముందే అనాల్సింది. కానీ ఊరంతా అడిగి దాడి చేస్తే నాజీలకి పనిచేసే మిలీస్ దళానికి తెలియదా? వాళ్ళూ ఫ్రెంచివాళ్ళే కదా.

పాతపుస్తకం: అడగలేకపోతే రైలు పట్టాలు పేల్చాలి. ఊళ్ళో కాదు.

కొండగాలి: ఫ్రాన్స్‌లోనే ఆస్క్ అనే ఊళ్ళో పట్టాలే పేల్చారండీ, 1944 ఏప్రిల్ 1 రాత్రి. రైలుకి పెద్ద నష్టం కూడా లేదు. అయినా నాజీలు 86 మందిని ఇళ్ళలోంచి లాక్కొచ్చి కాల్చారు. పేల్చింది అక్కడి రైల్వేవాళ్ళే. జూన్ 7న ఆరుగురిని కాల్చేశారు.

పాతపుస్తకం: వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు అక్కడే ఉన్నారు.