ఎస్ఎస్‌డీ వేస్తే ఆన్‌లైన్ గేముల్లో ల్యాగ్ పోద్దా, పోదా?

కావలి కుర్రోడు:
అన్నలూ, మా పీసీ కొని ఏడేళ్లయింది. 1 టీబీ హార్డ్ డిస్క్, 8 జీబీ ర్యామ్. రాత్రి అన్నాలయ్యాక నేనూ మా తమ్ముడూ వాలరెంట్, పబ్‌జీ ఆడతాం. పబ్‌జీలో పారాచూట్ దిగేటప్పటికి ఇళ్లన్నీ మట్టిముద్దల్లా ఉంటాయి, తలుపు యాడుందో కనపడదు. అవతలోడు అప్పటికే లోపలికి పోయి గన్ను తీసుకోనుంటాడు. వాలరెంట్‌లో అయితే ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోద్ది, మళ్లీ కదిలేసరికి నేను చచ్చుంటా. ఊళ్లో ఒక షాపాయన "హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించు, అది చిప్పుల్లో దాచే వేగమైన డిస్కు, పింగ్ సగానికి పడిపోద్ది" అన్నాడు. చేతిలో ఉండేది మూడు వేలు. వేయించమంటారా?

కొత్తపట్నం గాలి:
వేయించొద్దు తమ్ముడూ. ఆ మాట తప్పు. పింగ్ అంటే మన ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) సర్వర్ దాకా పోయి తిరిగొచ్చే టైము. దానికీ నీ డిస్కుకీ సంబంధమే లేదు. నెల్లూరు నుంచి ముంబైకి గీత గీసినట్టు పోయినా 900 కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోద్ది, అంటే రానూపోనూ 9 మిల్లీసెకన్లు. ఆ పైన కనపడేదంతా కేబుల్ తిరిగే చుట్టుదారి, మధ్యలో రౌటర్లు, చివర్లో మీ ఇంటి వైఫై. సింగపూర్ సర్వర్ మీద ఆడితే ఇంకా ఎక్కువ. చెన్నై నుంచే సముద్రం మీదగా దాదాపు 2,900 కిలోమీటర్లు. ఇందులో డిస్కు చేసే పని ఏముంది? ఒక లాన్ కేబుల్ కొనుక్కుని రౌటర్ నుంచి పీసీకి నేరుగా లాగు. మిగిలిన డబ్బు పెట్టి ర్యామ్ వెయ్యి. ఒంగోల్లో మా రూములో నలుగురం హార్డ్ డిస్కులతోనే రెండేళ్లు ఆడాం.

పెన్నా ఒడ్డు:
పింగ్ గురించి గాలి అన్న చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. షాపాయన మాట నమ్మొద్దు. కానీ "సంబంధమే లేదు" అని అక్కడితో ఆపితే తమ్ముడికి అన్యాయం చేసినట్టే. నేను పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తా ఉండా. "నెట్ స్లో అన్నా" అని తెచ్చిచ్చిన వాటిల్లో చాలా వాటికి రోగం డిస్కులోనే దొరికింది.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు లోపల పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడద్ది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 పైచిలుకు. సూది ఆ వరుస దాకా జరగడానికి ఇంకో 8 నించి 9. మొత్తం మీద ఒక్క ముక్క తేవాలంటే 12, 13 మిల్లీసెకన్లు. 60 ఎఫ్‌పీఎస్ మీద, అంటే సెకనుకి 60 బొమ్మల (ఫ్రేముల) మీద ఆడేటప్పుడు ఒక ఫ్రేముకి దొరికే టైము 16.7. రెండు ముక్కలు వేర్వేరు మూలల్లో ఉన్నాయంటే ఫ్రేము దాటిపోయినట్టే. గేము వాళ్లు లోడింగు పని పక్కన వేరే థ్రెడ్‌లో (విడిగా నడిచే పనివరసలో) పెడతారు కాబట్టి ప్రతిసారీ బొమ్మ ఆగదు. ఆ ముక్క లేకుండా ముందుకి పోలేని క్షణం వచ్చినప్పుడే ఆగద్ది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే ముక్క మిల్లీసెకనులో పదోవంతుకి వచ్చేస్తది.

ఇంక ఆన్‌లైన్ సంగతి. నీ బొమ్మ ఆగిందని సర్వర్ ఆగదు. వాలరెంట్ సర్వర్ సెకనుకి 128 సార్లు లెక్క కట్టద్ది. నీ పీసీ 300 మిల్లీసెకన్లు బిగుసుకుపోయిందంటే అక్కడ 38 లెక్కలు అయిపోయి ఉంటాయి. ఆ 38లో నువ్వు కదల్లేదు, కాల్చలేదు. అవతలోడు తీరిగ్గా గురి చూసుకున్నాడు. నీకు మాత్రం అది అచ్చం నెట్ ల్యాగ్ లాగే కనపడద్ది. పింగ్ అంకె 40 దగ్గర కదలకుండా ఉన్నా నువ్వు చచ్చిపోతావు. అందుకే అడుగుతున్నా, ఆన్‌లైన్ ఆట అంటే పింగ్ ఒక్కటేనా?

పబ్‌జీలో మట్టిముద్ద ఇళ్ల సంగతైతే అనుమానమే అక్కర్లేదు. మ్యాప్ పెద్దది, నువ్వు దిగే చోటుని బట్టి అప్పటికప్పుడు డిస్కు నుంచి తెచ్చుకుంటది. హార్డ్ డిస్కు అందుకోలేక ముందు మోటు బొమ్మ పెట్టి, తర్వాత అసలుది వేస్తది. 2017లో ఆ గేము వచ్చిన కాడ్నించి హార్డ్ డిస్కు వాళ్లందరి గోడు ఇదే.

కొత్తపట్నం గాలి:
పబ్‌జీ సరే, ఒప్పుకుంటా. వాలరెంట్ అట్ట కాదుగా. చిన్న మ్యాప్, మ్యాచ్ మొదలయ్యే ముందే దాదాపు అంతా ర్యామ్‌లోకి ఎక్కేస్తది. మధ్యలో డిస్కుతో పని తక్కువ. మరి వాలరెంట్‌లో ఆగిపోవడానికి డిస్కుని ఎట్ట అంటావు?

మూలాపేట మేడ:
లోడింగ్ ఆలస్యమంతా డిస్కు మీదే తోయకూడదు అనడానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. జీటీఏ ఆన్‌లైన్ అనే గేము ఏళ్ల తరబడి నిమిషాలకి నిమిషాలు లోడ్ అయ్యేది. అందరం డిస్కుని తిట్టుకున్నాం. నేను ఆ కోపంతోనే ఎస్ఎస్‌డీ కొన్నా, అయినా పెద్దగా తగ్గలేదు. 2021లో ఒక ప్రోగ్రామర్ సొంతంగా తవ్వి చూస్తే అసలు కారణం దొరికింది. గేములో కొనుక్కునే సరుకుల చిట్టా 10 ఎంబీ ఫైలు, అందులో 63 వేల వస్తువులు. ఒక్కో మాట చదివిన ప్రతిసారీ ఆ ఫైలు పొడవంతా మళ్లీ మొదట్నించి కొలుస్తా ఉండేది. ఆ పని చేసేది ప్రాసెసర్, అదీ ఒక్క కోర్. ఆయన సరిదిద్ది చూపిస్తే లోడింగు 70 శాతం దాకా తగ్గింది. కంపెనీ వాళ్లు ఆ మార్చిలోనే సరిచేసి, ఆయనకి 10 వేల డాలర్లు ఇచ్చారు. అంతమంది డిస్కులు మార్చుకున్నారు, తప్పు మాత్రం కోడ్‌లో ఉంది.

చీమకుర్తి:
ఇంకోటి కూడా చూడు తమ్ముడూ. మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము. ఆర్నెల్లు క్యాబినెట్ తీయకపోతే ఫ్యాను రెక్కల మీద తెల్లటి పొర పేరుకుంటది. ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటది. అది కూడా అచ్చం ల్యాగ్ లాగే ఉంటది. ముందు బ్లోయర్ కొట్టించు, ఖర్చు తక్కువ.

పెన్నా ఒడ్డు:
మేడ చెప్పింది, చీమకుర్తి చెప్పింది రెండూ నిజమే. అందుకే కొనే ముందు కొలవమంటా. కుర్రోడా, వాలరెంట్ సెట్టింగుల్లో స్టాట్స్ అని ఉంటది. ఎఫ్‌పీఎస్, నెట్‌వర్క్ ఆర్‌టీటీ (అంటే పింగే), ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన ప్యాకెట్లు) మూడూ గ్రాఫుల్లో పెట్టు. పక్కన ఫోన్‌తో వీడియో తీసుకో. వెనకాల టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచు. బొమ్మ ఆగినప్పుడు ఏ గీత ఎగిరిందో చూడు. ఆర్‌టీటీ ఎగిరితే నెట్. ఎఫ్‌పీఎస్ పడి ఆర్‌టీటీ మామూలుగా ఉంటే తప్పు ఇంట్లోనే. అప్పుడు డిస్క్ 100 శాతం ఉందా, మెమరీ నిండిందా, వేడి ఎంతుందో చూద్దాం. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో డిస్కు ఆరోగ్యం కూడా చూసి చెప్పు.

కావలి కుర్రోడు:
మూడు రాత్రులు చూశా అన్నా. రెండు రకాలుగా అవతా ఉంది. మా తమ్ముడు పక్క గదిలో వీడియోలు చూసేటప్పుడు ఆర్‌టీటీ 38 నుంచి 150 దాకా ఎగురుద్ది. నేను వైఫై మీదే ఆడతా, మధ్యలో రెండు గోడలు. కానీ అసలు బాధపెట్టే ఆగుడు వేరే. అప్పుడు ఆర్‌టీటీ 38 దగ్గర గీసిన గీతలా ఉంటది, ఎఫ్‌పీఎస్ మాత్రం 90 నుంచి 4కి పడిపోద్ది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100, మెమరీ 93 శాతం. డిస్కు కరకరమని చప్పుడు. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో పసుపు రంగులో కాషన్ అని చూపిస్తా ఉంది.

కొత్తపట్నం గాలి:
చూశారా, మెమరీ 93. ఇది ర్యామ్ సమస్య. వెనకాల బ్రౌజర్, చాట్ తెరిచి ఉంటాయి, 8 జీబీ చాలదు. ర్యామ్ నిండితే విండోస్ మిగిలింది డిస్కు మీదుండే పేజ్ ఫైల్‌లోకి రాస్తది, అందుకే డిస్కు 100. ఇంకో 8 వేస్తే ఆ డిస్కు అరుపు కూడా ఆగిపోద్ది. లాన్ కేబుల్ కూడా లాగు, ఆ 150 సంగతి ఎస్ఎస్‌డీ తీర్చదు.

పెన్నా ఒడ్డు:
కేబుల్ వెంటనే లాగాల్సిందే. ర్యామ్ కూడా కావాలి, ఒప్పుకుంటా. కానీ ఆ పసుపు రంగు చూశాక నేను ర్యామ్ ముందు అనలేను. కాషన్ అంటే చాలావరకు డిస్కులో చెడిపోయిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్లు) బయటపడ్డాయని. అట్టాంటి చోటు చదవాల్సి వస్తే డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తది, ఒక్కో దానికి సెకన్లు పడతాయి. నీకు ఎఫ్‌పీఎస్ 4కి పడేది అందుకే అయ్యుండొచ్చు. ర్యామ్ వేసినా చెడ్డ సెక్టార్ మంచిదవదు. ఈ పీసీకి ఎస్ఎస్‌డీ ఆట కోసం కాదు, ముందు బతకడానికి.

ఒక్క మాట చెప్పు, ఆ డిస్కులో ఇంకేం ఉన్నాయి?

కావలి కుర్రోడు:
అక్క పెళ్లి ఫొటోలు, వీడియో అన్నా. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పోయింది, ఇంకెక్కడా లేవు. నాన్న రొయ్యల చెరువు లెక్కలు కూడా అందులోనే.

పెన్నా ఒడ్డు:
అయితే ఈ రాత్రి ఆట ఆపు. దయచేసి ఆపు. ముందు ఫొటోలు, లెక్కలు వేరే దాంట్లోకి కాపీ చెయ్. చిన్న ఫోల్డర్లు ఒక్కోటి తీసుకో, అన్నీ ఒకేసారి వేస్తే మధ్యలో బిగుసుకుపోద్ది. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి పక్కదానికి పో, దానితో చివర్లో చూసుకుందాం. పాత డిస్కుని అట్టనే క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేయొద్దు, విండోస్ కొత్తగా ఎక్కించు. కేబుల్‌తో తగిలించే సాటా ఎస్ఎస్‌డీ చాలు. నేరుగా బోర్డు మీద గుచ్చే ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈకి నీ బోర్డులో చోటు ఉందో లేదో తెలియదు, సాటా నుంచి దానికి మారితే గేముల్లో కనపడే తేడా హార్డ్ డిస్కు నుంచి మారినంత ఉండదు.

కొత్తపట్నం గాలి:
ఫొటోల మాట నాకు తట్టలేదు. ముందు అదే చెయ్ తమ్ముడూ. ఆ డిస్కు అట్టుంటే ఎస్ఎస్‌డీ కొను, నేను అడ్డు చెప్పను. పింగ్ మాత్రం తగ్గదు, అది గుర్తుపెట్టుకో. ర్యామ్ వచ్చే నెల వేసుకో.

కావలి కుర్రోడు:
పెళ్లి ఫొటోలు మొత్తం వచ్చేశాయి అన్నా. వీడియోలో రెండు ఫైళ్లు రాలేదు, తాళి కట్టేది ఉండే ఫైలు వచ్చింది. లెక్కలు కూడా వచ్చాయి. 20 మీటర్ల లాన్ కేబుల్ లాగేశా, తమ్ముడు వీడియో చూస్తా ఉన్నా ఆర్‌టీటీ 36. రేపు నెల్లూరు పోయి ఎస్ఎస్‌డీ తెస్తా. క్యాబినెట్‌లో చిన్న డిస్కుకి స్క్రూలు పెట్టే చోటు లేదు, ఏం చెయ్యను?

పెన్నా ఒడ్డు:
కదిలే భాగాలు లేవు కదా, ఎట్ట పెట్టినా పాడవదు. డబుల్ టేప్‌తో క్యాబినెట్ గోడకి అతికించు, ఫ్యానుకి తగలకుండా చూసుకో. సాటా డేటా కేబుల్ ఒకటి విడిగా కొను, చాలా ఎస్ఎస్‌డీ డబ్బాల్లో అది ఇవ్వరు.