వోల్టేజీకి అయస్కాంతత్వం మారిందా, పెల్లెట్ వేడెక్కిందా?

ప్రశ్న (అనంతపురం, పరిశోధక విద్యార్థిని):
సార్, అందరికీ నమస్తే. పొరల నిర్మాణం ఉన్న మల్టీఫెర్రోయిక్ (విద్యుత్ పోలరైజేషన్, అయస్కాంత క్రమం రెండూ ఉండే పదార్థం) మీద పనిచేస్తున్నాను. బిస్మత్ 5, టైటానియం 3, ఐరన్ 1, ఆక్సిజన్ 15 పాళ్లలో ఉండే ఆరివిల్లియస్ తరగతి పదార్థం. పొడిని నొక్కి కాల్చిన బిళ్ల (పెల్లెట్) మందం 1 మిల్లీమీటరు, రెండు వైపులా సిల్వర్ పేస్ట్ పూశాను. వీఎస్ఎమ్‌లో (అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరంలో) పెట్టి 500 వోల్టులు ఇస్తే మాగ్నటైజేషన్ కొంచెం తగ్గుతోంది, తీసేస్తే మెల్లగా మామూలుకొస్తోంది. పీ-ఈ లూప్ (ఎలక్ట్రిక్ ఫీల్డ్‌కు పోలరైజేషన్ ఎలా మారుతుందో చూపే గీత) కొసలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. గైడ్ గారు పేపర్ రాసేయమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు, ఫిజిక్స్ లెక్చరర్):
అప్పుడే రాయొద్దమ్మా. మెల్లగా మామూలుకొస్తోంది అన్నారు, నాకు అక్కడే అనుమానం. ఎలక్ట్రిక్ ఫీల్డ్ ప్రభావమైతే వోల్టేజీ తీయగానే పోవాలి, లేదా పోలరైజేషన్ తిరగబడి అలాగే నిలిచిపోవాలి. నింపాదిగా దిగేది సాధారణంగా వేడి. లూప్ కొసలు గుండ్రంగా ఉన్నాయంటే లీకేజీ ఉంది, అంటే పెల్లెట్ గుండా కరెంటు కారుతోంది. 500 వోల్టుల దగ్గర 0.2 మిల్లీఆంపియర్లు కారినా 100 మిల్లీవాట్లు. అంత చిన్న పెల్లెట్ వేడెక్కడానికి అది చాలు.

రెండు పనులు చేయండి. వోల్టేజీతో పాటు కరెంటు కూడా కొలవండి. తర్వాత పెల్లెట్‌ను పోలింగ్ చేసి (పెద్ద వోల్టేజీతో పోలరైజేషన్‌ను ఒకే దిశకు తిప్పి), తక్కువ వోల్టేజీని ప్లస్, మైనస్ మార్చి ఇవ్వండి. వేడికి ప్లస్, మైనస్ తేడా తెలియదు, రెండుసార్లూ తగ్గుతుంది. విద్యుత్తుకు, అయస్కాంతత్వానికి నిజమైన కలయిక ఉంటే ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గాలి.

విద్యార్థిని:
చేసి చూశాను సార్. ఎటు ఇచ్చినా తగ్గుతోంది. లీకేజీ ఎందుకు వస్తోందంటారు? సింటరింగ్ (పెల్లెట్‌ను కాల్చి గట్టిపరచడం) మధ్యలో కరెంటు పోయి ఫర్నేస్ ఆగింది, దాని వల్లేనా?

జవాబు (కర్నూలు):
అది కొంత కారణం కావచ్చు. అసలు దొంగ బిస్మత్. దాని ఆక్సైడ్ 817 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, ఆవిరైపోతుంది కూడా. ఆ లోటుతో ఆక్సిజన్ ఖాళీలు పడి కరెంటుకు దారి దొరుకుతుంది. తూకంలోనే బిస్మత్ ఆక్సైడ్ 3 నుంచి 5 శాతం ఎక్కువ కలపండి. పెల్లెట్‌ను అదే పొడిలో పూడ్చి, మూత ఉన్న అల్యూమినా క్రూసిబుల్‌లో పెట్టండి. పోలింగ్‌కు సెంటీమీటరుకు 40 కిలోవోల్టులు కావాలనుకుంటే, మీ మందానికి 4,000 వోల్టులు ఇవ్వాలి. 0.3 మిల్లీమీటరుకు అరగదీస్తే 1,200 చాలు. సిలికాన్ ఆయిల్‌లో ముంచి ఇవ్వండి, లేకపోతే అంచున స్పార్క్ వస్తుంది. ఆ పనికి ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చోవద్దమ్మా.

కడప నుంచి (ఇదే రంగంలో పీహెచ్‌డీ పూర్తి చేసినవారు):
చెల్లీ, ఇంకో సంగతి కూడా చూడాలి. మీ పదార్థంలో టైటానియం, ఐరన్ పంచుకునే నాలుగు స్థానాల్లో ఐరన్‌ది ఒక్కటే, అంటే 25 శాతం. సాదా క్యూబిక్ లాటిస్‌లో (ఘనాకారపు అమరికలో) పక్కపక్కన పరమాణువులు గొలుసుకట్టుగా కలవాలంటేనే సుమారు 31 శాతం కావాలి. అందుకని గది ఉష్ణోగ్రత దగ్గర మంచి అయస్కాంత లూప్ వస్తే సంతోషించకండి, అనుమానించండి. మలినంగా కలిసే మాగ్నటైట్ (అయస్కాంత ఐరన్ ఆక్సైడ్) గ్రాముకు సుమారు 90 ఈఎమ్‌యూ (అయస్కాంతత్వపు కొలమానం) ఇస్తుంది. వెయ్యిలో ఒక వంతు కలిసినా 0.09 వస్తుంది, ల్యాబ్ ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్-రే పరీక్షకు) అది కనిపించదు. వేడి చేస్తూ కొలవండి. 585 డిగ్రీల దగ్గర మాగ్నటైజేషన్ ఒక్కసారిగా పడిపోతే అది మాగ్నటైటే. కోబాల్ట్ కలిపిన నమూనాల్లో 520 దగ్గర పడిపోతే కోబాల్ట్ ఫెర్రైట్.

ఈలోపు కొలత సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పీజెడ్‌టీ అనే సెరామిక్ ముక్క మీద నికెల్ రేకు ఎపాక్సీతో అంటించి చూడండి. వోల్టేజీకి పీజెడ్‌టీ సాగుతుంది, ఆ లాగుడుకు నికెల్ అయస్కాంతత్వం మారుతుంది. ఇలాంటి పొరల జతలో సంకేతం చాలా పెద్దది. పీజెడ్‌టీ, టెర్ఫెనాల్-డీ (అయస్కాంత క్షేత్రానికి సాగే మిశ్రలోహం) పొరలతో 2001లోనే ఒక ఓయర్‌స్టెడ్ అయస్కాంత క్షేత్రానికి సెంటీమీటరు మందానికి 4.68 వోల్టులు వచ్చింది. మీ సెటప్‌లో ఆ జత కనిపించకపోతే లోపం పెల్లెట్‌ది కాదు, వైరింగ్‌ది.

విద్యార్థిని:
నికెల్ రేకు ల్యాబ్‌లో ఉందక్కా. ముందు ఆ జత చేసి, ప్లస్, మైనస్ రెండు రీడింగులూ ఇక్కడే పెడతాను. పేపర్ సంగతి అవి వచ్చాకే అని గైడ్ గారికి చెప్పాను, సరేనన్నారు.